బిల్లులో లేని రెండు

మే 4

మనవరాలు పొద్దున విమానానికి వెళ్లింది. వెళ్లేముందు నా బల్ల మీద ఒక కాగితం పెట్టి, దాని మీద నా కళ్లజోడు పెట్టింది. చూడలేదని నేను అనడానికి వీల్లేకుండా. దాన్ని పిచ్చుక అని పిలిచింది మొదట వాళ్ల తాత. ఆయన పోయాక ఆ పిలుపు ఇంట్లో అందరి నోటా మిగిలింది. పిచ్చుకంత మనిషికి ఏనుగంత పట్టుదల.

కాగితంలో మన ఫ్యాక్టరీ ఫ్లాస్కులు ఏ దేశానికి ఎలా వెళ్లాలో రాసింది. సరిహద్దు అవతలి వాళ్లకి మూతతోపాటు రెండు కప్పులుండాలట. ఒక్కడే కూర్చుని తాగడం అక్కడ ఎవరికీ నచ్చదు. గ్యారంటీ కార్డు మాత్రం పెట్టకూడదు. పెడితే "పాడవుతుందని వీళ్లకే తెలుసన్నమాట" అంటారట. దక్షిణాన దీవుల్లో అదే కార్డు లేకపోతే దుకాణంలో అడుగు పెట్టనివ్వరు. తాను ఇప్పుడు వెళ్లిన దేశం గురించి సగం కాగితం నింపింది. చివర ఒక వాక్యం కింద రెండుసార్లు గీత కొట్టింది: "ఈ సరుకులో కొసరు వద్దు. నానమ్మా, దయచేసి."

దస్తూరి బాగుంది. నేను దిద్దించినదే.

మన పెట్టె ఏది తెరిచినా పైన మెత్తటి కాగితంలో చుట్టిన రెండు గాజు రీఫిళ్లు, ఫ్లాస్కు లోపలి సీసాలు, కొసరుగా ఉంటాయి. బిల్లులో ఉండవు. దారిలో ఏ ఫ్లాస్కులోనైనా గాజు పగిలితే కొన్నవాడు నష్టపోకూడదని మా ఆయన మొదటి పెట్టె నుంచే పెట్టిన పద్ధతి. సరిహద్దు అవతలి టోకు వ్యాపారి పెట్టె తెరవగానే ముందు వాటి కోసమే చెయ్యి పెడతాడు. కనపడకపోతే మొహం మాడ్చుకుంటాడు.

ఈ సంగతి నిన్న భోజనాల దగ్గరే ఎత్తింది, అప్పుడే అడిగాను. "మర్యాదకి దేశాలేమిటే?"

"మర్యాద అన్నిచోట్లా ఉంటుంది నానమ్మా. ఒకచోట అడక్కుండా పెడితే మర్యాద. ఇంకోచోట అడిగినంతే ఇస్తే మర్యాద."

"తాతకు దగ్గులు నేర్పకు."

"నేర్పేది తాతకి కాదుగా, నానమ్మకి."

కోడలు నవ్వింది. అబ్బాయి నవ్వలేదు. వాడి ధ్యాస ఫర్నేసు మీద ఉంది.

మే 6

అబ్బాయి గ్యాసు కంపెనీ వాళ్లతో మాట్లాడి వచ్చాడు. ఒప్పందం ఈ జూన్ ఆఖరుతో అయిపోతుంది.

"పిచ్చుక తెచ్చిన ఆర్డరు నిలబడితేనే మళ్లీ సంతకం పెడతానమ్మా. లేకపోతే ఆర్పేయక తప్పదు" అన్నాడు.

ఆర్పడం అనే మాట వాడి నోట వినడం ఇదే మొదలు. గాజు ఫర్నేసు పొయ్యి కాదు, సాయంత్రం ఆర్పి పొద్దున వెలిగించుకోవడానికి. చల్లారితే లోపలి ఇటుక పగులుతుంది. మళ్లీ కట్టుకోవడమే. కట్టుకునే స్తోమత ఇప్పుడు లేదు. ఆరితే ఆరినట్టే.

స్టీలు ఫ్లాస్కులు వచ్చాక గాజు అడిగేవాళ్లు కరువయ్యారు. ఆ దేశంలో ఆసుపత్రులకు సరుకిచ్చే ఒక కంపెనీ మాత్రం గాజే కావాలంది. స్టీలులో పోస్తే టీకి వాసన వస్తోందని రోగులు గొణుగుతున్నారట. పిచ్చుక రెండేళ్లు తిరిగి ఆ ఆర్డరు పట్టుకుంది. మొదటి కంటైనరు నచ్చితే మూడేళ్లకు రాసుకుంటారు.

నచ్చకపోవడానికి ఏముంది?

మే 7

పొద్దున ప్యాకింగ్ షెడ్డుకు వెళ్లాను. ప్యాకింగ్ మేస్త్రిని అందరూ గడ్డి మేస్త్రి అంటారు. పెట్టెల్లో గడ్డి పోయి అట్టగూళ్లు వచ్చి ఎన్నేళ్లయినా ఆ పేరు పోలేదు. పిచ్చుక కాగితం నకలు షెడ్డు గోడకు కూడా అంటించి వెళ్లింది.

"అమ్మగారూ, ఈసారి పైన పెట్టే రెండూ వద్దన్నారు చిన్నమ్మగారు" అన్నాడు మేస్త్రి.

"చూశాను."

"మరి మానేద్దామాండీ?"

"నువ్వెప్పటి నుంచి పెట్టెలు కడుతున్నావు?"

"గడ్డి రోజుల నుంచీ కదండీ."

"మన దగ్గర్నుంచి ఎప్పుడైనా బోసి పెట్టె వెళ్లిందా?"

"లేదండి."

"తెలిసినవాడివి, మరి నన్నెందుకు అడుగుతావు?"

ఇంతే జరిగింది. నేను పెట్టమనలేదు. వద్దనీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సాయంత్రం ప్యాకింగ్ కాగితాల మీద సంతకాలు పెట్టాను. "లెక్క సరిచూచినవారు" అన్నచోట ఎప్పుడూ నా సంతకమే ఉంటుంది.

మే 8

సరుకు ఓడరేవుకు వెళ్లింది.

మే 16

పిచ్చుక ఫోను చేసింది. అక్కడి కంపెనీ వాళ్లు నవ్వరట, కబుర్లు చెప్పరట. మాట్లాడుకున్న ప్రతి మాటా సాయంత్రానికి కాగితం మీద పెట్టి "ఇదేనా మీరన్నది" అని పంపుతారట.

"అలాంటివాళ్లు నాకు నచ్చుతారు" అన్నాను.

"నాకూ నచ్చారు. నువ్వు మగవేషం వేసుకుని నలుగురై కూర్చున్నట్టుంటుంది. నానమ్మా, కొసరు పెట్టలేదుగా?"

"నీ కాగితం చదివాను."

"మా మంచి నానమ్మ" అంది.

చదివిన మాట నిజమే.

జూన్ 3

అబ్బాయి చెప్పులు కూడా విప్పకుండా నా గదిలోకి వచ్చాడు. కంటైనరును అక్కడి కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. తూకం కాగితం మీద రాసినదానికన్నా ఎక్కువ వచ్చిందట. అనుమానించి ఒక పెట్టె తెరిచారు. తర్వాత అన్నీ తెరిచారు.

"పెట్టె పెట్టెకీ బిల్లులో లేనివి రెండు. ఎవరు పెట్టారమ్మా? పిచ్చుక గోడకి అంటించి మరీ వెళ్లింది కదా."

గుమ్మంలో ఉన్న కోడలు నావైపు చూసింది. నేను పేపరు చదువుతున్నాను. చాలాసేపు అదే పేజీ చదివాను.

అబ్బాయి షెడ్డుకు వెళ్లాడు.

జూన్ 4

"అలవాటు కొద్దీ చేతులు పెట్టేశాయి బాబూ" అన్నాడట మేస్త్రి. అబ్బాయి ఆయన్ని ఇంటికి పొమ్మన్నాడు. విషయం తేలేదాకా రావద్దన్నాడు.

మేస్త్రి అలవాటు ప్రకారం పెట్టాడు. అది నిజం.

ఇంటి ఖర్చు రాస్తూ సోమవారం పాలు రెండుసార్లు రాశాను. కొట్టేసి మళ్లీ రాశాను. మేస్త్రి అలవాటు ప్రకారమే పెట్టాడు.

జూన్ 5

ఆకలి లేదన్నాను. కోడలు ఎందుకని అడగలేదు.

జూన్ 6

పిచ్చుక ఫోను చేసింది. అబ్బాయి ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేశాడు. పిల్ల గొంతు పీలగా ఉంది.

అక్కడి కంపెనీ వాళ్లు కోప్పడలేదట. ఒకే ఒక్క ప్రశ్న పంపారట: "రీఫిళ్లు అదనంగా పంపారు కాబట్టి, మీ ఫ్లాస్కుల్లో ఎన్ని పగులుతాయని మీ అంచనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మంచికి పోతే చెడు ఎదురైందట. ఇచ్చినదానికి లెక్క అడుగుతారా?"

"అడగరా మరి? రోగి పక్కన పెట్టే సామాను నానమ్మా. పగులుతుందని అమ్మేవాడే రెండు గాజులు చేతిలో పెడితే నువ్వయితే కొంటావా?"

కొననని నాకు తెలుసు.

తర్వాత కస్టమ్స్ సంగతి చెప్పింది. అక్కడి ఏజెంటు రెండు దారులున్నాయన్నాడట. లెక్కపెట్టడంలో పొరపాటు జరిగిందని రాసిస్తే జరిమానా వేసి సరుకు వదిలేస్తారు. కావాలనే పెట్టామంటే అది దాచి తెచ్చిన సరుకు కిందికి వస్తుంది. ఏది రాసినా, లెక్క సరిచూచినవారి సంతకంతోనే రాయాలి.

"లెక్కలో పొరపాటా? నా సంతకం కిందా?"

"నీకు లెక్క తప్పితే పరువు పోయినట్టు. వీళ్లకి లెక్క తప్పినవాడు మామూలు మనిషి. కావాలని చేసినవాడే దొంగ. మన దగ్గర కావాలని రెండు ఎక్కువ వేసినవాడు ధర్మాత్ముడు. అదే నానమ్మా తేడా, నేను కాగితం మీద రాసిపెట్టి వచ్చింది."

"మేస్త్రి పేరు రాద్దాం" అన్నాడు అబ్బాయి. "ఆయన తప్పు లెక్కపెట్టాడు, అమ్మ చూసుకోలేదు. అయిపోతుంది."

పిచ్చుక ఒప్పుకోలేదు. "కాగితం ఆయనకి నేను దగ్గరుండి చదివి వినిపించాను నాన్నా. ఆయన మర్చిపోయే మనిషి కాదు." తర్వాత నన్నడిగింది. "నానమ్మా, నేను వెళ్లాక నువ్వు షెడ్డుకి వెళ్లావా?"

"లైను సరిగా లేదు" అన్నాను.

లైను బాగానే ఉంది.

జూన్ 7

మేస్త్రి ఇంటికి వెళ్లాను. చిన్న ఇల్లు, శుభ్రంగా ఉంది. ఆయన వాకిట్లో కూర్చుని కుర్చీకి నవారు అల్లుతున్నాడు. ఖాళీగా కూర్చోవడం ఆయనకు రాదు. నన్ను చూసి లేచి, అల్లిక సగంలో ఉన్న కుర్చీయే చూపించి, నాలుక కరుచుకుని స్టూలు తెచ్చాడు.

"అబ్బాయికి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అబద్ధమేముందండీ? మీరు పెట్టమనలేదు కదా."

మే ఏడో తేదీన నేను ఇక్కడ రాసుకున్న మాట. ఈ పుస్తకం నా బీరువా దాటి వెళ్లదు. అయినా అదే మాట ఆయన నోట్లోంచి వచ్చింది.

"మీరు అనని మాట అన్నారని నేనెలా చెప్తానండీ?" అన్నాడు మళ్లీ. అందులో ఉన్నది వినయమో వెటకారమో తెలియలేదు. ఆయన మొహంలో ఏదీ చదవలేం.

లోపలి నుంచి ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "మా ఆయన సంగతి సరేనమ్మా, నాలుగు రోజులు కూర్చుంటాడు. మా అల్లుడు మీ దగ్గరే గాజు ఊదుతాడు. ఫర్నేసు ఆరిపోతుందంటున్నారు, నిజమేనా?" అంది.

"ఎవరన్నారు?"

"అందరూను."

నీళ్లు తాగి వచ్చేశాను. దారిలో ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడింది. పొగ వస్తూనే ఉంది.

జూన్ 8

అబ్బాయితో చెప్పాను. షెడ్డులో నేనన్న మాటలు అన్నట్టే, వరసగా చెప్పాను. వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత "మేస్త్రికి నేను ఫోను చేస్తాను" అని లేచి వెళ్లాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పిచ్చుకకు నేనే ఫోను చేశాను. అది అంతా విని, "రెండేళ్లు నానమ్మా" అంది.

"నీ సరుకు బోసిగా వెళ్లకూడదని..."

"నా కోసం పెట్టలేదు నువ్వు. తాతయ్య కోసం పెట్టావు."

"ఆయన పద్ధతి వల్లే ఈ ఫ్యాక్టరీ నిలబడింది."

"నిలబడింది. ఆ పద్ధతి తెలిసిన చోట నిలబడింది. ఇక్కడ ఆ పద్ధతి ఎవరికీ తెలీదు, పైగా నేను వద్దన్నాను. నువ్వు నా మాట కొట్టేశావు, కొట్టేసినట్టు నాకు చెప్పను కూడా చెప్పలేదు. 'కాగితం చదివాను' అన్నావు. నేను అందరి ముందూ కూర్చుని మా దగ్గర అలా జరగదని చెప్పాను."

నేను లెక్క తప్పానని రాయనన్నాను. జరిగినదే రాస్తానన్నాను.

"నిజం మీద ప్రేమతో అంటున్నావా, లెక్క తప్పానని ఒప్పుకోలేక అంటున్నావా?"

బీఏలో తర్కం చదువుకున్నాను. పరీక్షలో ఎప్పుడూ నాకు మొదటి మార్కే. ఇలాంటి ప్రశ్న ఆ పుస్తకాల్లో లేదు.

చివరికి, "ఏది రాయాలో నువ్వు చెప్పు. అదే రాసి సంతకం పెడతాను" అన్నాను.

"ఏది చెప్పినా?"

"ఏది చెప్పినా."

రేపు చెప్తానంది.

జూన్ 9

లెక్క తప్పానని రాయడం ఎలా ఉంటుందో చూద్దామని ఒక కాగితం మీద రాసి చూశాను. చించేశాను. లెక్కల గుమాస్తాగా నన్నెవరూ పెట్టుకోరు ఇక. పెట్టుకోమని ఎవరు అడిగారు గనక?

సాయంత్రం పిచ్చుక ఫోను చేసింది. గొంతులో కోపం అలాగే ఉంది. అయినా మధ్యలో నవ్వు ఆపుకుంటోంది.

"నిజమే రాయి. వేరే దారి లేదు. ఏజెంటు ఫొటోలు చూపించాడు. ప్రతి పెట్టెలో సరిగ్గా రెండు. ఒకే రకం కాగితం, ఒకేలా మడత, ఒకే మూల. ఇంత పద్ధతిగా ఎవరూ పొరపాటు చెయ్యరు, ఎవరూ నమ్మరు అన్నాడు."

ఆ మడత మేస్త్రికి నేర్పింది నేనే. అది దానికి చెప్పలేదు.

జూన్ 10

కస్టమ్స్ వాళ్లకిచ్చే ఉత్తరం ఫోనులో పిచ్చుక చెబుతుంటే రాశాను; నకలు కంపెనీకి కూడా ఇస్తానంది. క్షమాపణ మొదటి వాక్యంలోనే ఉండాలంది. చివర్లో పెడితే బాగుంటుందన్నాను. "మొదటి వాక్యంలో" అంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, మళ్లీ జరగకుండా ఏం చేస్తాం, అంతే. ఆయన మొదటి పెట్టె సంగతి ఒక పేరా రాశాను. అక్కర్లేదంది.

"అది లేకపోతే ఎందుకు చేశానో ఎలా తెలుస్తుంది?"

"'మా సంస్థలో పాత అలవాటు' అని రాయి."

ఇన్నేళ్లదంతా కలిపి నాలుగు మాటలు. రాశాను. వద్దని ముందే రాతపూర్వకంగా తెలిపినా నేను లెక్కచేయలేదని కూడా రాశాను. ఆ వాక్యం అది చెప్పలేదు. చదివి వినిపించినప్పుడు తీసెయ్యమనలేదు.

మేస్త్రి పనిలోకి వచ్చాడు.

జూన్ 12

కబురు లేదు.

జూన్ 14

కబురు లేదు. గ్యాసు కంపెనీ మనిషి వచ్చి కూర్చున్నాడు. అబ్బాయి టీ ఇప్పించి పంపాడు.

జూన్ 15

లేదు.

జూన్ 17

ఫర్నేసు దగ్గరికి వెళ్లాను. మేస్త్రి అల్లుడు గొట్టం చివర గాజు ఊదుతున్నాడు. కరిగిన గాజు బుగ్గలా ఉబ్బుతుంది. ఊపిరి కాస్త ఎక్కువైతే గోడ పలచబడుతుంది, తక్కువైతే మందమవుతుంది. ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. ఎలా తెలుస్తుందని అడిగాను.

"ఆపకపోతే పగులుతుందని భయమండి" అన్నాడు.

జూన్ 19

కబురు వచ్చింది.

దాచి తెచ్చిన సరుకు కిందే కట్టి జరిమానా వేశారు. అదనపు రీఫిళ్లన్నీ అధికారుల ముందే పగలగొట్టించారు. పిచ్చుక అక్కడే నిలబడి చూసిందట. మిగిలిన సరుకు వదిలేశారు. కంపెనీ వాళ్లు ఫ్లాస్కులు పరీక్షించి బాగున్నాయన్నారు. మూడేళ్లకు ఒప్పుకోలేదు, ఏడాదికి రాస్తామన్నారు. ఒక షరతు పెట్టారు. వద్దన్న పని తెలిసి చేసినవారి సంతకం ఇకమీద తమ కాగితాల మీద ఉండకూడదట.

అబ్బాయి ఈ చివరి ముక్క చదవకుండా కాగితం మడిచేశాడు. "చదువు" అన్నాను. చదివాడు.

"సబబే" అన్నాను. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని.

ఏడాదైనా చాలు. గ్యాసు ఒప్పందం మీద అబ్బాయి సంతకం పెట్టాడు. ఆ పెన్ను నాదే.

జూన్ 21

ప్యాకింగ్ కాగితాల మీద పేరు మార్చాలి. ఆ దేశానికి మాత్రం మారిస్తే చాలు అన్నాడు అబ్బాయి. ఒక చోట చెల్లని సంతకం ఇంకోచోట ఎందుకు చెల్లాలి? అన్నింటికీ పిచ్చుక పేరే పెట్టమన్నాను.

షెడ్డు గోడకు కొత్త కాగితం వచ్చింది. సరిహద్దు అవతలికి కొసరు రెండూ ఉండవచ్చట. అయితే బిల్లులో రాయాలి, ధర సున్నా అని వెయ్యాలి.

"బిల్లులో రాస్తే అది కొసరెలా అవుతుంది?" అన్నాను మేస్త్రితో.

"టోకు వ్యాపారి బిల్లెప్పుడు చదివాడు గనకండీ? చెయ్యి పెడతాడు, దొరుకుతాయి" అన్నాడు. అని, రీఫిల్ చేతిలో పట్టుకుని నావైపు చూస్తూ నిలబడ్డాడు.

"నన్ను చూస్తావేం? గోడ మీదుంది, చదువు."

"చదివానండి. మీరేమంటారో అని."

"గోడ ఏమంటే అది."

మెత్తటి కాగితంలో చుట్టి పైన పెట్టాడు. మడత సరిగానే వేశాడు.

జూన్ 27

పిచ్చుక వచ్చింది. చిక్కిపోయింది. అందరికీ తలా ఒకటి తెచ్చింది. నాకు ఆ దేశపు పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది, చేతికి ఇవ్వలేదు. ప్రయాణం గురించి అడిగితే "బాగానే జరిగింది" అంది. వాళ్ల అమ్మతో మాత్రం వంటింట్లో చాలాసేపు మాట్లాడింది. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఆపేశారు.

మధ్యాహ్నం నేనే వడ్డించాను. కూర ఒక గరిటె వేసి, అలవాటు కొద్దీ రెండోది ఎత్తాను. అది కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. చిన్నప్పటి నుంచీ పెట్టేది, నేను ఎప్పుడూ ఆ వేళ్ల పక్కనుంచి వేసేదాన్ని.

గరిటె పైనే ఆపి, "ఇంకొంచెం వెయ్యనా?" అన్నాను.

అబ్బాయి తినడం ఆపి చూశాడు.

"వద్దు" అంది పిచ్చుక.

గరిటె గిన్నెలో పెట్టేసి కూర్చున్నాను. నా అన్నం నేను తిన్నాను. కాసేపటికి అదే లేచి వచ్చి, గిన్నె తన వైపు లాక్కుని, తనే వేసుకుంది. ఎంత వేసుకుందో నేను చూడలేదు.

రెండు గరిటెలు.